మత్తడి దుంకే రోజు

నా మనవరాలి కొలువు ఏమిటని మా ఊళ్ళో ఎవరైనా అడిగితే, "లేని మనుషులను పుట్టించి కంప్యూటర్ మీదికి తోలుతది" అని చెప్తాను. అక్షరాలా అదే ఆమె పని. హైదరాబాదులో వానల లెక్కలు, ఉపగ్రహాలు తీసిన బొమ్మలు దాచిపెట్టే ఒక డేటా భాండాగారాన్ని వాళ్ళ జట్టు చూసుకుంటుంది. ఒకేసారి ఇరవై వేల మంది మీదపడి అడిగితే అది తట్టుకుంటుందా, ఎంతమంది దాకా సాఫీగా నడుస్తుంది, తెగితే ముందు ఎక్కడ తెగుతుంది? ఇదంతా అసలు జనం రాకముందే తేల్చాలి. దాన్నే లోడ్ టెస్ట్ అంటారు.

దసరాకు జనగామ వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని ఆమె ఇదంతా చెప్పుకొచ్చింది. వింటుంటే ఎక్కడో తెలిసిన సంగతే అనిపించింది.

"నీ పని మన చెరువులు కట్టినోళ్ళు ఎప్పుడో చేసిండ్రు బిడ్డా" అన్నాను.

"చెరువుకు, సర్వర్‌కు ఏం సంబంధం తాతా?"

సంబంధం మత్తడి దగ్గర ఉంది. చెరువు కట్ట నీళ్ళను ఆపుతుంది, తూము పొలానికి కావలసినంత వదులుతుంది, నిండాక మిగిలిన నీళ్ళను మత్తడి వాగులోకి దాటిస్తుంది. ఏడాదిలో చాలా నెలలు మత్తడి మీద చుక్క నీరు ఉండదు. ఎండకు ఎండి, మేకలు పడుకునే రాళ్ళ వరసలా కనిపిస్తుంది. ఇంత పొడుగు ఎందుకు కట్టారో అనిపిస్తుంది. ఆ పొడుగును నిర్ణయించింది సగటు వాన అయితే చెరువు ఎప్పుడో పోయేది. ఎగువ నేలంతటి మీద ఏనాడో ఒకనాడు కురిసే కుంభవృష్టిని లెక్కలోకి తీసుకుని కట్టారు. మత్తడి చాలకపోతే నీళ్ళు కట్ట మీదుగా పొర్లుతాయి. మట్టి కట్ట మీద నీళ్ళు పొర్లడం మొదలైతే గండి పడడానికి ఎంతోసేపు పట్టదు. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కుమ్మడిగా కింది చెరువు మీద పడతాయి. దాని మత్తడి తన ఎగువ వానకు సరిపోతుందేమో గానీ, ఇంకో చెరువు మొత్తానికి సరిపోదు. అదీ తెగుతుంది. దాని కిందిదీ తెగుతుంది.

మనవరాలు లేచి నిలబడింది. "మాదాంట్ల అచ్చం గిట్లనే అయితది తాతా" అంది.

ఆమె చెప్పిన లెక్క ఇది. నాలుగు సర్వర్లు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 2,500 మందిని మోయగలదు. వచ్చింది 9,000 మంది. నాలుగూ కలిస్తే 10,000 మోస్తాయి కనుక భయం లేదని కాగితం మీద కనిపిస్తుంది. ఒక రాత్రి ఒక సర్వర్ పడిపోయింది. ఆ 9,000 మందీ మూడింటి మీద పడతారు, ఒక్కొక్కదాని మీద 3,000 మంది. రెండోది పడిపోతుంది, దాని వెనకే మూడోది, నాలుగోది. చెడింది ఒకటే, పోయినవి నాలుగూ. అందుకని లెక్క వేసేటప్పుడు ఒకటి లేదనుకునే వేయాలి. మూడు సర్వర్లే 9,000 మందిని మోసేలా ఉంటేనే నాలుగు ఉన్నట్టు లెక్క.

ఈ లెక్క మా ప్రాంతానికి ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే 2023 జూలై 27కు పోవాలి. ఆ పొద్దున ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన పడింది. పక్కనే, ఒకప్పుడు ఇదే జిల్లాలో ఉండి 2019లో ములుగు జిల్లాలోకి వెళ్ళిన లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు. అంతకు ముందు రాష్ట్రంలో ఒక్కరోజు రికార్డు వాజేడుది, 2013 జూలైలో పడిన 517.5. అరవై సెంటీమీటర్ల వాన అంటే ఏమిటో పిల్లలకు చెప్పాలంటే నేను ఇలా చెప్తాను: ఎక్కడికీ పారకుండా నిలబడితే, ఇంటి ముంగిట మీ నడుం దాకా నీళ్ళు. ఏడాదంతా పడవలసిన వానలో సగానికి పైగా ఒక్క పగలు, ఒక్క రాత్రిలో పడింది. మోరంచ వాగు ఊరి మీదికి వచ్చి మోరంచపల్లి వాళ్ళు ఇళ్ళ కప్పుల మీదికెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్నారు. హెలికాప్టర్లు వస్తే గానీ కొందరు బయటపడలేదు.

మా చెల్లె ఇల్లు చిట్యాల మండలంలో. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. ఫోను కలవదు. వానల లెక్కలు చూపే ఒక సైటు తెరిస్తే గుండ్రంగా తిరిగే గీత తప్ప ఏమీ రాదు. మళ్ళీ నొక్కాను. మళ్ళీ తిరిగింది. మళ్ళీ నొక్కాను. తెల్లారేదాకా ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలియదు. ఆ నొక్కుడు ఏం చేసిందో మనవరాలు చెప్పేదాకా నాకు తట్టలేదు. ఆ ముచ్చటకు మళ్ళీ వస్తాను.

మొదట, ఆ 616.5 అనే అంకె ఎలా పుట్టిందో చూద్దాం. మన రాష్ట్రంలో మండలాల్లో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంఘం వాటిని నడుపుతుంది. చిన్న కంచె, ఒక స్తంభం, సోలార్ పలక, వాన కొలిచే గరాటు. గరాటు కింద తక్కెడ లాంటి రెండు చిన్న దోసిళ్ళు ఉంటాయి. ఒకదాంట్లో నిర్ణయించినంత నీరు నిండగానే అది ఒరిగి పారబోస్తుంది, రెండో దోసిలి గరాటు కిందికి వస్తుంది. ఒరిగిన ప్రతిసారీ ఒక లెక్క. ఆ లెక్కలు గాలిలోంచి హైదరాబాదు చేరతాయి. కేంద్రాలు వెయ్యే అనుకుని, గంటకు ఒక వరసే రాసుకున్నా, ఏడాదికి 87 లక్షల 60 వేల వరసలు. వాన లేని రోజున కూడా సున్నా అని రాయాలి. సున్నా కూడా సమాచారమే, కరువును లెక్కగట్టేది దానితోనే.

ఇన్ని వరసలను పుస్తకంలా రోజు వెంట రోజు పేర్చి పెడితే, చిట్యాల ఒక్కదాని వాన కావాలన్నా పుస్తకమంతా తిరగేయాలి. పహాణీని సర్వే నంబరు వారీగా పెట్టకపోతే పట్వారీ ఎన్ని పాట్లు పడేవాడో ఊహించండి. అందుకే ఊరి పేరు, తేదీ పెట్టి పక్కన ఇంకో సూచిక రాసుకుంటారు. ఒక్కరు అడిగినప్పుడు సూచిక ఉన్నా లేకున్నా పెద్ద తేడా తెలియదు. పది వేల మంది అడిగినప్పుడు మాత్రం సూచిక లేని పుస్తకం దగ్గరే అందరూ ఇరుక్కుపోతారు. లోడ్ టెస్ట్ మొదట పట్టుకునే తప్పు తరచుగా ఇదే.

వరసలో నిలబడడం గురించి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. యాసంగి కోతలప్పుడు జనగామ చుట్టూ ఏ వడ్ల కొనుగోలు కేంద్రానికైనా వెళ్ళి చూడండి. కుప్పలు కుప్పలుగా వడ్లు, మీద పరదాలు, పక్కన మంచం వేసుకుని కాపలా పడుకున్న రైతు. తేమ చూస్తారు, సంచులిస్తారు, కాంటా పెడతారు, హమాలీలు కుడతారు, లారీ వస్తే ఎక్కిస్తారు, మిల్లు దగ్గర దించుకుంటారు.

కాంటా దగ్గర ఒక్కో రైతుకు సగటున పది నిమిషాలు పడుతుందనుకోండి. గంటకు ఆరుగురి పని తీరుతుంది. గంటకు ముగ్గురే వస్తుంటే, అంటే కాంటా సగం సేపు ఖాళీగా ఉంటే, వచ్చిన రైతు తన పని సహా సగటున ఇరవై నిమిషాల్లో బయటపడతాడు. కాంటా నూటికి 80 వంతుల సేపు పనిలో ఉంటే యాభై నిమిషాలు. 90 అయితే వంద నిమిషాలు. 95 అయితే మూడు గంటల ఇరవై నిమిషాలు. రైతులు చెప్పి రారు, ఒకరి వెనక ఒకరు కొలిచినట్టు రారు, ఒకరివి పది బస్తాలు, ఒకరివి వంద. ఆ ఎగుడుదిగుడు వల్లే ఇలా జరుగుతుంది. పని ఐదు వంతులు పెరిగితే నిరీక్షణ రెట్టింపయింది చూడండి. కాంటా ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండొద్దనుకునే అధికారి, తనకు తెలియకుండానే రైతును రాత్రంతా అక్కడ పడుకోబెడుతున్నాడు.

ఈ గణితానికి పునాది వేసిన మనిషి డెన్మార్క్ వాడు, ఎర్లాంగ్. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేస్తూ, ఎన్ని లైన్లు వేస్తే ఎంతమందికి ఫోను దొరుకుతుందో లెక్కగట్టే పనిలో దిగి 1909లో మొదటి వ్యాసం రాశాడు. 1961లో జాన్ లిటిల్ ఇంకో సూత్రాన్ని నిరూపించాడు. అది ఎంత చిన్నదో అంత గొప్పది: గంటకు ఎందరు వస్తున్నారో, ఒక్కొక్కరు ఎన్ని గంటలు ఉంటున్నారో గుణిస్తే, లోపల ఎందరున్నారో వస్తుంది. గంటకు నలుగురు వచ్చి ఐదేసి గంటలు ఉంటే కేంద్రంలో ఎప్పుడు చూసినా సుమారు ఇరవై కుప్పలు. ఎన్ని పరదాలు తేవాలో దీంతో తెలుస్తుంది. సర్వర్‌కు ఎంత మెమరీ అమర్చాలో కూడా దీంతోనే తెలుస్తుంది, ఎందుకంటే వచ్చి కూర్చున్న ప్రతి మనిషికీ అది తన మెమరీలో కొంత జాగా ఇవ్వాలి.

ఒక ఏడు మా దగ్గర కేంద్రంలో వరస తగ్గడం లేదని రెండో కాంటా తెచ్చారు. అందరం సంతోషపడ్డాం. రెండు రోజులకే తూకమైన బస్తాలు గుట్టలై నిలిచాయి, ఎందుకంటే లారీలు రావడం లేదు. లారీలు ఎందుకు రావంటే, మిల్లు ముందు దించుకోక వరసలో నిలిచి ఉన్నాయి. ఇరుకు కాంటా దగ్గర లేదు, మిల్లు గేటు దగ్గర ఉంది. కొత్త కాంటా డబ్బులు వృథా. భాండాగారంలోనూ పది సర్వర్లు కొన్నాక, ఇరుకు వెనకనున్న డిస్కు దగ్గరో, బయటికి పోయే తీగ దగ్గరో ఉందని తెలిస్తే ఇంతే. ముందు ఇరుకు ఎక్కడుందో చూసి, తర్వాత డబ్బు పెట్టాలి. మనవరాలు చేసే పరీక్షలో సగం ఈ వెతుకులాటే.

ఆ తీగ లెక్క కూడా ఆరోజు ఇద్దరం వేశాం. ఉపగ్రహ చిత్రం ఒకటి సుమారు ఒక గిగాబైట్. వెయ్యి మంది ఒక్కొక్కటి అడిగారు. సెకనుకు పది గిగాబిట్లు పోయే తీగ ఉంది. బైటుకు ఎనిమిది బిట్లు కనుక మొత్తం 8,000 గిగాబిట్లు. అంటే 800 సెకన్లు, పదమూడు నిమిషాల పైన. అదీ ఎక్కడా ఒక్క అడ్డు లేకపోతే. మరి చిట్యాల వాన అడిగిన వాడికి కావలసింది నాలుగు అక్షరాలు. వాడిని కూడా ఈ వెయ్యి మంది వెనకే నిలబెడితే, చేతిలో ఒక్క సంచితో వచ్చిన ముసలమ్మను పది ట్రాక్టర్ల వెనక నిలబెట్టినట్టు. అందుకని చిన్న ప్రశ్నలకు ఒక దారి, పెద్ద మోతలకు ఒక దారి వేరు చేయాలి. ఎవరు ఎంత అడుగుతారో తెలియకుండా "ఇరవై వేల మంది" అని ఊరికే అంకె చెప్పడం వల్ల ప్రయోజనం లేదు.

పెద్ద మోతలు ముందుముందు ఎంత పెద్దవవుతాయో తలుచుకుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. షాద్‌నగర్ దగ్గర భూకేంద్రం 1979లో అమెరికా వాళ్ళ లాండ్‌శాట్ ఉపగ్రహం నుంచి బొమ్మలు అందుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు టేపు చుట్టలు. మన సొంత ఐఆర్ఎస్-1ఏ 1988లో పోయింది. ఇప్పుడు నైసార్ ఉంది, 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ఎగిరింది, ఇస్రో, నాసా కలిసి చేసింది. మబ్బు పట్టినా, రాత్రయినా నేలను చూస్తుంది. దాని నుంచి రోజుకు ఎనభై టెరాబైట్ల వరకు డేటా తయారవుతుందని నాసా లెక్క, అంటే ఎనభై వేల గిగాబైట్లు. ఇదంతా ఎప్పుడూ చేతికందేలా పెట్టలేం. అందుకే ఇంట్లో చేసినట్టే చేస్తారు. ఈ పూట అన్నం గిన్నెలో, ఈ నెల బియ్యం డబ్బాలో, ఏడాది వడ్లు గుమ్మిలో. అందరూ అడిగే ఈరోజు పటం మెమరీలో వండి పెట్టి ఉంటుంది, పోయిన నెలవి డిస్కుల్లో, పాతికేళ్ళ కిందటివి టేపుల్లో. గుమ్మిలోంచి తీసి దంచి వండేదాకా ఆగాలి మరి.

అడిగేవాళ్ళు ఎంత పెరుగుతారో ఊహించడం ఎంత కష్టమో చెప్పడానికి లాండ్‌శాట్ కథే చాలు. ఆ చిత్రాలను డబ్బులకు అమ్మినన్నాళ్ళూ రోజుకు 53 పోయేవి. 2008లో ఉచితం చేశారు. రోజుకు 5,700 అయ్యాయి. నూరు రెట్లు! కొత్త ఉపగ్రహం ఏదీ ఎగరలేదు, కొత్త కెమెరా రాలేదు. ధర ఒక్కటి తీసేశారు. పంట నష్టం చూసేవాళ్ళు, అడవి తరుగు కొలిచేవాళ్ళు, చదువుకునే పిల్లలు అప్పటిదాకా గేటు బయట నిలబడి ఉన్నారన్నమాట. మన దగ్గర కూడా భువన్, భూనిధి అని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్ఆర్ఎస్‌సీ) వాళ్ళ సైట్లు తెరిచి ఉన్నాయి. ఇది నాకు ఎంతో ఇష్టమైన సంగతి. ప్రజల డబ్బుతో తీసిన బొమ్మ ప్రజలకు అందాలి. కాకపోతే తలుపు తెరిచేవాళ్ళు మత్తడి కూడా వెడల్పు చేసుకోవాలి.

రద్దీల్లో నేను రెండు రకాలు చూస్తాను. ఒకటి జాతర రద్దీ. మేడారం జాతర రెండేళ్ళకోసారి, తేదీలు ముందే తెలుసు. ఆర్టీసీ వాళ్ళు ఎన్ని బస్సులు, ఏ ఊరి నుంచి, ఎక్కడ నిలపాలి అని నెలల ముందే వేసుకుంటారు. చంద్రయాన్-3 దిగిన 2023 ఆగస్టు 23 సాయంత్రం అలాంటిదే. ఇస్రో ప్రసారాన్ని యూట్యూబ్‌లో ఒకే సమయాన 80 లక్షల మందికి పైగా చూశారు. గడియ తెలుసు కనుక సిద్ధపడవచ్చు. రెండోది వరద రద్దీ. అది చెప్పి రాదు. 2024 సెప్టెంబర్ 1 తెల్లవారుజామున మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు కట్ట కొట్టుకుపోయి, పట్టాలు కింద మట్టి లేకుండా గాలిలో వేలాడాయి. రైళ్ళు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. అలాంటి పొద్దున ఒక్కసారిగా అందరూ ఒకే మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎంత వాన పడింది, ఎక్కడ పడింది, ఇంకా ఉందా?

ఆ వరద తీసిన కొన్నాళ్ళకు ఇంకో రద్దీ వస్తుంది, మనిషి కంటికి కనపడదు. కొత్త వంతెనకు కానా ఎంత వెడల్పు పెట్టాలో చూసే ఇంజనీరు ముప్పై ఏళ్ళ వాన అడుగుతాడు. పరిశోధన చేసే పిల్ల జిల్లా మొత్తానివి అడుగుతుంది. మనుషులు కొందరే, మోతలు పెద్దవి. మత్తడి ఎంత పొడుగుండాలో తేల్చే లెక్క ఈ భాండాగారంలోంచే పోవాలి.

"మరి దొంగ జనాన్ని ఎట్ల పుట్టిస్తవు?" అని అడిగాను.

అందుకు పనిముట్లు ఉన్నాయట. ఒకదాని పేరు లోకస్ట్, అంటే మిడత. పేరు వినగానే నాకు 2020 ఎండాకాలం గుర్తొచ్చింది. మిడతల దండు మహారాష్ట్ర దాకా వచ్చిందంటే గోదావరి ఒడ్డు జిల్లాలన్నీ గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాయి. ఈ పనిముట్టులో ఒక్కో మిడత ఒక్కో మనిషి. లోపలికి వస్తుంది, ఊరి పేరు కొడుతుంది, ఐదు సెకన్లు చదివినట్టు ఆగుతుంది, పటం అడుగుతుంది, పోతుంది. పదితో మొదలుపెట్టి వంద, వెయ్యి, పది వేలు అంటూ పెంచుకుపోతారు. అసలు భాండాగారం మీద తోలరు, నకలు ఒకటి కట్టుకుని దాని మీద తోలుతారు.

మొదటిసారి ఆమె పరీక్ష అద్భుతంగా నెగ్గిందట. ఇరవై వేల మందికీ అర సెకనులో జవాబు. పై ఆఫీసరు మెచ్చుకున్నాడు. ఆమెకే అనుమానం వచ్చింది. చూస్తే, మిడతలన్నీ ఒకే ఊరి వాన అడిగాయి. వండిన అన్నం గిన్నెలోంచే అందరికీ వడ్డన జరిగింది, గుమ్మి దాకా ఎవరూ పోలేదు. నిజం మనుషులు ఒకే ఊరు అడగరు. ఒకడు గూడూరు అంటాడు, ఒకామె రేగొండ అంటుంది, ఒకడు 1998 అంటాడు. ఊళ్ళు, తేదీలు కలిపి మళ్ళీ తోలితే నాలుగు వేల దగ్గరే చతికిలబడింది. అబద్ధపు గెలుపును తానే పట్టుకున్న ఆ పిల్లను చూస్తే నాకు గర్వంగా ఉంది.

ఇంకో తప్పు సగటుతో వస్తుంది. "సగటున రెండు సెకన్లు" అని రాస్తే బాగానే ఉంటుంది. అందులో నూటికి ఒకరికి నిమిషంన్నర పట్టి ఉండవచ్చు. నూటికి ఒకరే కదా అనుకుంటాం. కానీ కంప్యూటర్ మీద పటం ఒక్క ముక్కగా రాదు. నాయనమ్మ కుట్టిన బొంత లాగా చిన్న చిన్న చదరాలుగా వచ్చి తెర మీద అతుక్కుంటుంది. ఒక పటానికి నూరు ముక్కలు, ఒక్కో ముక్క ఆలస్యమయ్యే అవకాశం నూటికి ఒకటి అనుకోండి. నూరు ముక్కలూ వేళకు వచ్చే అవకాశం 0.99ని నూరుసార్లు గుణిస్తే వస్తుంది, సుమారు 37 శాతం. అంటే నూటికి 63 మంది బొంతలో ఎక్కడో చిరుగు చూస్తారు. ఆ చిరుగు వాళ్ళ ఊరి మీదే ఉంటే? అందుకే వీళ్ళు సగటు పక్కన పెట్టి, నూరు మందిలో తొంభై తొమ్మిదో వాడికి ఎంతసేపు పట్టిందని చూస్తారు.

ఇప్పుడు నా నొక్కుడు సంగతికి వస్తాను. ఆ రాత్రి నేను చేసింది చెప్తే, మనవరాలు ఏమీ అనకుండా, "తాతా, ఆటోస్టార్టర్లు ఎందుకు తీసేయమన్నరు?" అని అడిగింది.

బావులున్న రైతెవరికైనా తెలుసు. కరెంటు రాత్రి ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో మోటారుకు ఆటోస్టార్టర్ పెట్టుకునేవాళ్ళం. కరెంటు రాగానే అదే ఆన్ అవుతుంది, పాము పుట్రలో బావి దాకా పోనక్కర్లేదు. కానీ మోటారు తిరగడం మొదలయ్యే ఆ క్షణాన మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద 5 హెచ్‌పీ మోటార్లు ఐదున్నాయనుకోండి. మనిషి పోయి ఒకటొకటిగా వేస్తే ఏ ఇబ్బందీ లేదు. ఐదింటికీ ఆటోస్టార్టర్లుంటే, కరెంటు వచ్చిన సెకనులోనే ఐదూ ఒక్కసారి గుంజుతాయి. ఫ్యూజు పోతుంది. ఫ్యూజు వేస్తే మళ్ళీ ఐదూ గుంజుతాయి. ఒక్కోసారి ట్రాన్స్‌ఫార్మరే కాలిపోయి, ఎండుతున్న పొలం చూసుకుంటూ వారం కూర్చోవలసి వచ్చేది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక వాటి అవసరం తీరింది. బావులు ఎండిపోతాయి, తీసేయండి అని ఊరూరా తిరిగి చెప్పారు.

పడిపోయిన సర్వర్ లేవగానే జరిగేది ఇదే. జవాబు రాని ప్రతి ఫోనూ, ప్రతి ప్రోగ్రామూ మళ్ళీ మళ్ళీ అడుగుతూ కాచుకుని ఉంటాయి. అది కళ్ళు తెరిచిన క్షణాన అందరూ ఒక్కసారి మీదపడతారు, మళ్ళీ పడిపోతుంది. నేను ఇవతల ఆశగా నొక్కిన ప్రతి నొక్కూ ఇంకో మోటారు ఆన్ చేసినట్టే. నా పాత ప్రశ్నకే జవాబు వెతుకుతూ ఉన్న సర్వర్‌కు, అదే ప్రశ్న కొత్తగా ఇంకోటి.

దీనికి విరుగుడు యాభై ఏళ్ళ కిందటే హవాయి దీవుల్లో దొరికింది. 1971లో అక్కడి విశ్వవిద్యాలయం వాళ్ళు దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపారు, అలోహా అని పేరు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాటలు గుద్దుకుంటాయి. ఇద్దరూ వెంటనే మళ్ళీ మాట్లాడితే మళ్ళీ గుద్దుకుంటాయి. అందుకని ఒక్కొక్కరూ చీటీ తీసినట్టు తలా ఒక వేళ దాకా ఆగి మాట్లాడాలి. ఇప్పటి పద్ధతిలో దానికి ఇంకోటి చేర్చారు. మొదట ఒక సెకను, రాకపోతే రెండు, తర్వాత నాలుగు, ఎనిమిది అంటూ ఆగే వేళను రెట్టింపు చేసుకుంటూ పోతూ, దాంట్లో కొంత చీటీ కలపాలి. మోటార్లు తలా ఒక నిమిషం తేడాతో లేచినట్టు.

ఇక భాండాగారం వైపు నుంచి చేయవలసింది టోకెన్ ఇవ్వడం. కొనుగోలు కేంద్రంలో టోకెన్ చేతికిస్తే రైతు ఇంటికి పోయి అన్నం తిని వస్తాడు. ఏమీ చెప్పకుండా నిలబెడితే అందరూ కాంటా మీదికి ఎగబడతారు. గుండ్రంగా తిరిగే గీత మనిషికి ఏమీ చెప్పదు, అందుకే వాడు నొక్కుతూ ఉంటాడు. ఇంతసేపు ఆగు అని ఒక్క మాట చెప్తే ఆగుతాడు. తూము ఎంత వదులుతుందో అంతే లోపలికి రానిచ్చి, మిగిలిన వాళ్ళకు వేళ చెప్పాలి. అంతకూ మించి వస్తే, పెద్ద పటాలన్నీ ఆపేసి ఊరి పేరు, వాన అంకె మాత్రం అక్షరాల్లో ఇవ్వాలి. రంగుల పటం లేకపోయినా ఆ రాత్రి నాకు ఆ అంకె చాలు.

చెరువులు కట్టినోళ్ళకు రాతను దాచడమూ తెలుసు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం చెరువు దగ్గర ఒక శాసనం ఉంది. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించింది, 13వ శతాబ్దం నాటిది. కాకతీయుల వంశాన్ని మొదటి నుంచి వరసగా చెప్పే రాత అది. చెరువు తవ్వించి, దాని పక్కనే రాత నిలబెట్టారు. ఎనిమిది వందల ఏళ్ళ వానలు పడ్డా అక్షరం ఇంకా చదవచ్చు. మనవరాలిని ఈసారి తీసుకుపోయి చూపించాలి.

దసరా పోయి నెల దాటాక ఒకరోజు రాత్రి ఒంటిగంటకు ఆమె నుంచి ఫోను. "తాతా, మెలకువ ఉన్నవా? నకలు లింకు పంపిన, తెరువు. ఇరవై వేల మంది ఉన్నరు లోపల. నిజం మనిషివి నువ్వొక్కనివే."

కళ్ళద్దాలు వెతుక్కుని తెరిచాను. చిట్యాల అని కొట్టాను. 2023 జూలై 27 అని పెట్టాను. తెర మీద ఒక వాక్యం వచ్చింది: మీ వంతు 38 సెకన్లలో, మళ్ళీ నొక్కనవసరం లేదు. ఫోనును అరుగు మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముప్పై ఏడు. ముప్పై ఆరు. ఎక్కడో కుక్క మొరిగింది. పది. మూడు.

చిట్యాల. 616.5.

"వచ్చిందా తాతా?"

"వచ్చింది బిడ్డా."

"సరే, పండుకో" అంది. అటు కీబోర్డు చప్పుడు వినిపించింది. ఇంకో ఐదు వేల మందిని తోలుతోంది.